బాబాయికి వాడగా మిగిలిన పాము మందు ఫ్రిజ్‌లో ఉంది, దాచుకోవచ్చా?

దివిసీమ నుంచి ఒక తమ్ముడు పెద్ద ఉత్తరమే రాశాడు. క్లుప్తంగా ఇదీ విషయం:

"మేడమ్ గారూ, పోయిన వానాకాలం మా బాబాయిని చేలో రక్తపింజరి కరిచింది. తీసుకెళ్లిన హాస్పిటల్లో మందు సరిపడా లేదంటే బయట మెడికల్ షాపులో కొన్నాం. దేవుడి దయ వల్ల బాబాయి బతికాడు. నాలుగు సీసాలు మిగిలాయి. మూడు సీల్ తీయనివి, లోపల తెల్ల పొడి ఉంది. ఇంకొకటి నర్సు నీళ్లు కలిపేశాక బాబాయిని వేరే హాస్పిటల్‌కి మార్చాల్సొచ్చింది, ఆ హడావుడిలో అది కూడా మా కవర్లోకి వచ్చేసింది. అన్నీ మా ఫ్రిజ్ డోర్‌లో పెట్టాం. డబ్బా మీద ప్రిజర్వేటివ్ క్రెసాల్ అని ఉంది కాబట్టి పాడవదు అని మా ఫ్రెండ్ అంటాడు. ఇంకొకడేమో క్రెసాల్ అంటే బాత్‌రూమ్ కడిగే దాంట్లో వేసేది, అది ఒంట్లోకి ఎక్కిస్తారా అని భయపెడుతున్నాడు. మా ఊరికి పీహెచ్‌సీ 14 కిలోమీటర్లు. ఈసారి కుర్రాళ్లం అందరం చందాలేసుకుని ఇంకో ఆరు సీసాలు కొని ఊళ్లోనే ఉంచుదామనుకుంటున్నాం. కరెంట్ పోతే పాడవుతాయా? డేట్ అయిపోతే పనిచేయవా? మీరు మందుల స్టోర్‌లో చేశారు కదా, చెప్పండి."

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యండి, ఆ నీళ్లు కలిపిన సీసా ఉంది చూశారూ, దాన్ని ఇప్పుడే, ఈ సమాధానం మిగతాది చదవకముందే ఫ్రిజ్‌లోంచి తీసి పక్కన పెట్టెయ్యండి, ఇంట్లో ఎవరూ పొరపాటున కూడా వాడకుండా దాని మీద పెన్నుతో పెద్ద ఇంటూ మార్కు కొట్టండి. అది మందు కాదిప్పుడు. పొడిలో నీళ్లు కలిపిన నిమిషం నుంచే దాని ఆయుష్షు గంటల్లోకి వచ్చేస్తుంది, కలిపిన వెంటనే వాడెయ్యాలి, మిగిలితే పారెయ్యాలి, అంతే రూలు. మీరు దాన్ని నెలల తరబడి ఉంచారు.

మీ ఫ్రెండ్ అన్న మాట, ప్రిజర్వేటివ్ ఉంది కాబట్టి పాడవదు అన్నది, మీ ఒక్క ఊళ్లోనే కాదు, నేను స్టోర్‌లో పనిచేసిన ముప్పై ఏళ్లలో చదువుకున్న వాళ్ల నోటి నుంచి కూడా విన్నాను. కొత్తగా చేరిన స్టాఫ్ కూడా అనేవాళ్లు. అందుకే దాని గురించే కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన ఇళ్లల్లో ఆవకాయ పెడతాం కదా. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె, ఇవన్నీ సరిగ్గా పడితే ఏడాదంతా బూజు రాదు. కానీ ఎవరైనా తడి గరిటె పెట్టారంటే వారంలో తెల్లగా బూజు లేస్తుంది, అప్పుడు ఉప్పు వేశాం కదా అంటే కుదురుతుందా. ప్రిజర్వేటివ్ పని కూడా అంతే, దానికి ఒక హద్దుంది. సీసాలో మందు నింపేటప్పుడు, కలిపేటప్పుడు ఏదన్నా క్రిమి చొరబడితే అది పెరగకుండా ఆపడం వరకే దాని పని. మందు వేడికి చెడిపోకుండా ఆపడం దాని వల్ల కాదు. గడ్డకట్టి చెడిపోకుండా ఆపడమూ కాదు, ఎండ తగిలి చెడిపోకుండా ఆపడమూ కాదు. పైగా మీ సీసా రబ్బరు మూతలోంచి సూది దిగింది, అంటే తడి గరిటె పడిపోయినట్టే.

అసలు ఆ పొడి ఏమిటో తెలిస్తే ఇదంతా సులువుగా అర్థమవుతుంది. పాముల విషాన్ని చాలా కొద్ది కొద్దిగా, డోసు పెంచుకుంటూ గుర్రాలకి ఎక్కిస్తారు, గుర్రం ఒంట్లో ఆ విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారవుతాయి, అప్పుడు గుర్రం రక్తం తీసి అందులో ప్లాస్మా వేరు చేసి, పెప్సిన్ అనే ఎంజైమ్‌తో యాంటీబాడీని కోసి పనికొచ్చే ముక్క మటుకు ఉంచుకుంటారు. మన దేశంలో దొరికేది నాలుగు పాములకి కలిపి ఒకే మందు. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. దీనికి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం మద్రాసు దగ్గర వడనెమ్మేలిలో ఇరుల వాళ్ల సొసైటీ నుంచి వస్తుంది, 1978లో పెట్టారది, తరతరాలుగా పాములు పట్టి బతికిన మనుషులు ఇప్పుడు పాముని చంపకుండా విషం తీసి మళ్లీ అడవిలో వదిలేస్తారు. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అని ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది, ఆ వార్త చూసిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే నేను కౌంటర్లోంచి ఇచ్చిన ప్రతి సీసా వెనకాల వాళ్ల చెయ్యి ఉంది. మన హైదరాబాద్ కంపెనీలు కూడా ఈ మందు తయారుచేస్తాయి.

అంటే లోపల ఉన్నది ప్రొటీన్. కోడిగుడ్డు తెల్లసొన లాంటిదనుకోండి. తెల్లసొనని పెనం మీద వేస్తే తెల్లగా గట్టిపడుతుంది, మళ్లీ చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినా పచ్చి సొన అవదు. యాంటీబాడీ కూడా వేడికి ఆకారం మారిపోతే మళ్లీ వెనక్కి రాదు. కాకపోతే తెల్లసొన మారినట్టు కంటికి కనపడుతుంది, మందు సంగతి అలా కాదు, సగం చచ్చిపోయిన మందు కూడా చూడ్డానికి బాగానే కనపడొచ్చు. నాకు భయం వేసేది అక్కడే.

వేడికి తట్టుకోవడం కోసం చేసిన ఏర్పాటు ప్రిజర్వేటివ్ కాదు, పొడి చెయ్యడం. మందుని గడ్డకట్టించి, గాలి లాగేసి, మంచు కరిగి నీళ్లవకుండానే నేరుగా ఆవిరైపోయేలా చేసి తేమంతా తీసేస్తారు. మనం వడియాలు ఎండబెట్టి డబ్బాలో పోస్తే ఏడాదున్నా ఏమీ కావు, అదే పిండి రుబ్బి ఉంచితే రెండో రోజుకే పులుస్తుంది, అలాగ. అందుకే పాము మందు రెండు రకాలుగా వస్తుంది. ద్రవం రూపంలో ఉన్నది ఖచ్చితంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, రెండు మూడేళ్లు దాని గడువు. పొడి రూపంలో ఉన్నది గదిలో చల్లగా, చీకటిగా ఉన్న చోట 25 డిగ్రీల లోపు ఉంచినా తట్టుకుంటుంది, నాలుగైదేళ్లు గడువు ఇస్తారు. ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది, పొడి మందుకి కూడా 2 నుంచి 8 అని రాసే వాళ్లున్నారు, కాబట్టి నా మాట కాదు, ఎవరి మాటా కాదు, మీ చేతిలో ఉన్న డబ్బా మీద ఏం రాసి ఉందో అదే వేదం.

కరెంట్ పోతే పాడవుతాయా అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ద్రవం మందైతే గంటలు లెక్క పెట్టుకుంటూ కంగారు పడాల్సిందే. పొడి మందైతే ఒక పూట కరెంట్ పోయినంత మాత్రాన ఏమీ కాదు. మీ వైపు తుఫాను వచ్చిందంటే మూడు నాలుగు రోజులు లైను రాదు, నీళ్లు చేరి పాములు గట్ల మీదకి ఎక్కేది కూడా సరిగ్గా అప్పుడే. మీలాంటి చోట పొడి మందే ఉండాలని నేను మొదటి నుంచీ వాదించేది అందుకే. అలాగని పొడి కదా అని మార్చి, ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో, కిటికీ పక్క అరలో, బండి డిక్కీలో పెట్టొద్దు, మన ఎండలకి ఆ చోట్లలో 45 డిగ్రీలు దాటుతుంది, పొడి తట్టుకునేది కూడా కొంతవరకే.

ఇంకొకటి, చాలామందికి తెలీదు, చలి కూడా చంపుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏ ఊరన్నది అనవసరం, మా స్టోర్‌లో ద్రవం మందు ఉండేది. ఎండాకాలం శనివారం సాయంత్రం ఎవరో మంచి ఉద్దేశంతోనే, ఇంకా చల్లగా ఉంటే మందుకి మంచిది కదా అని ఫ్రిజ్ లోపల చక్రం చివరికంటా తిప్పేసి వెళ్లారు. సోమవారం నేను తెరిచి చూసేసరికి నలభై సీసాలు గడ్డ కట్టున్నాయి. కరిగాక చూస్తే చాలావరకు బాగానే కనపడ్డాయి, కొన్నింట్లో మాత్రం సన్నటి దారప్పోగుల్లాంటివి తేలుతున్నాయి. కరిగింది కదా, తేటగా ఉన్నవి వాడెయ్యొచ్చు, నలభై సీసాలు పారేస్తే పైవాళ్లు మనల్ని బతకనివ్వరు అన్నారు పెద్దవాళ్లు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే గడ్డకట్టి కరిగిన ప్రొటీన్ ఉండలు కడుతుంది, కంటికి కనపడనంత చిన్న ఉండలు కూడా ఉంటాయి, అవి నరంలోకి వెళితే రియాక్షన్లు ఎక్కువవుతాయి, మందు బలమూ తగ్గుతుంది. కాళ్లూ చేతులూ వణుకుతూనే పనికిరావని రాసిచ్చాను. ఆ వారం రోజులూ ఒక్క పాముకాటు కేసు కూడా రాకూడదని రోజూ దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత నుంచీ ఆ ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా చేత్తో నేనే పుస్తకంలో డిగ్రీలు రాశాను, రిటైరయ్యే రోజు పొద్దున కూడా రాశాను.

మీ ఇంటి ఫ్రిజ్ సంగతికొద్దాం. డోర్‌లో పెట్టామన్నారు. ఫ్రిజ్ మొత్తంలో వేడి చల్లదనం ఎక్కువగా మారేది ఆ డోర్‌లోనే, పాల ప్యాకెట్టుకనీ మంచినీళ్లకనీ రోజుకి యాభై సార్లు తీస్తాం, తీసినప్పుడల్లా బయటి గాలి ముందు తగిలేది దానికే. పోనీ వెనక్కి పెడదామంటే పైన ఐస్ గది పక్కన ఉన్నవి గడ్డ కట్టే ప్రమాదం, పొడికి అది పెద్దగా నష్టం చెయ్యకపోయినా డబ్బాలో దాంతో పాటు ఇచ్చే నీళ్ల గాజు ఆంపూల్ గడ్డకట్టి పగిలిపోతుంది. హాస్పిటళ్లలో టీకాల కోసం వాడే ఐస్ లైన్డ్ ఫ్రిజ్‌లు వేరు, చుట్టూ మంచు పొర ఉండి కరెంట్ పోయినా చాలాసేపు చల్లదనం పట్టి ఉంచుతాయి, పైగా మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి చల్లగాలి కిందకి జారిపోదు. మన ఇంటి ఫ్రిజ్‌తో దానికి పోలిక లేదు.

ఇప్పుడు రెండో కుర్రాడి భయం, క్రెసాల్ బాత్‌రూమ్ కడిగేదాంట్లోది అన్నది. అతను చెప్పింది అబద్ధం కాదు. లైసాల్ అనే మాట విన్నారు కదా, పాతకాలం లైసాల్ అంటే సబ్బు ద్రావణంలో క్రెసాలే. ఫినాల్ కూడా ఆ కుటుంబమే, దాన్నే కార్బాలిక్ ఆసిడ్ అంటారు, మీ ఊళ్లో పాములు రాకుండా ఇంటి చుట్టూ పోస్తుంటారే, అదే. దానికి పాములు నిజంగా భయపడతాయన్నది నమ్మకండి, ఆ డబ్బులతో ఒక టార్చిలైటూ రబ్బరు బూట్లూ కొనుక్కుంటే నయం. ఆ ఫినాల్‌నో క్రెసాల్‌నో అతి తక్కువ మోతాదులో పాము మందులో కలుపుతారు. మీ డబ్బా మీద క్రెసాల్ 0.25 శాతానికి మించదు అని ఉండే ఉంటుంది, ఒకసారి చూడండి. అంటే 10 మిల్లీలీటర్ల సీసాలో 0.025 మిల్లీలీటర్లు. పది సీసాలు ఎక్కిస్తే మొత్తం కలిపి పావు మిల్లీలీటరు, అది కూడా సెలైన్‌లో కలిపి గంటసేపు నిదానంగా ఎక్కిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫినాల్ లీటరుకి 2.5 గ్రాములు, క్రెసాల్ 3.5 గ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. మోతాదు పెరిగితే ఇవీ మంచివి కావు అని తెలిసే పెట్టారు ఆ హద్దు. పాదరసం కలిసిన ప్రిజర్వేటివ్ సంగతి కూడా అంతే, టీకాలో అర మిల్లీలీటరే ఇస్తాం కాబట్టి అందులో ఉండే పాదరసం లెక్కలోకి రాదు, పాము మందు మాత్రం ఒకేసారి వంద మిల్లీలీటర్లు, రెండు వందలు కూడా ఎక్కాల్సొస్తుంది, అందుకే ఇందులో పాదరసం వద్దని ఆ సంస్థే చెప్పింది.

కాబట్టి క్రెసాల్‌కి భయపడి పాముకాటు మనిషికి మందు వద్దనుకుంటే మనిషి పోతాడు. ఆ ఫ్రెండ్‌కి ఈ ముక్క ప్రత్యేకంగా చదివి వినిపించండి.

నిజంగా భయపడాల్సింది గుర్రం ప్రొటీన్‌కి. అది మన ఒంటికి పరాయిది. మందు ఎక్కుతుండగానే కొంతమందికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, దురద, చలి, వాంతులు, కొంతమందికి గొంతు వాచి ఊపిరందక బీపీ పడిపోతుంది. అప్పుడు నిమిషాల్లో తొడ కండలోకి అడ్రినలిన్ పడాలి, ఆక్సిజన్ ఉండాలి, చూసే కళ్లు పక్కనే ఉండాలి. ముందే చర్మం మీద టెస్టు చేసి తెలుసుకుందామంటే ఆ టెస్టు నమ్మకమైనది కాదు, అందుకే ఇప్పుడు చెయ్యొద్దంటున్నారు. ఊళ్లో ఉంచుదామని మీరంటున్న ఆరు సీసాలు ఎవరు ఎక్కిస్తారు? ఆర్ఎంపీ గారా? గొంతు వాస్తే ఆయన దగ్గర ఏముంది? కాటు వేసింది విషం లేని పామైతే, లేదా విషప్పామే కరిచినా విషం దిగకపోతే, అసలు మందే అక్కర్లేని మనిషికి మందు రియాక్షన్‌తో ప్రాణం మీదకి తెచ్చినవాళ్లవుతారు. పాముకాట్లలో అలాంటివి చాలా ఉంటాయి.

పైగా ఆరు సరిపోవు తమ్ముడూ. డబ్బా మీద ఇంకో లెక్క ఉంటుంది చూడండి, ఒక మిల్లీలీటరు మందు తాచు విషం 0.6 మిల్లీగ్రాములు, రక్తపింజరిది 0.6, కట్లపాముది 0.45, చిన్నపింజరిది 0.45 విరుస్తుంది అని. పాము ఒక్క కాటులో దింపే విషం దీనికి ఎన్నో రెట్లు ఉండొచ్చు, అందుకే మొదటి విడతే ఎనిమిది నుంచి పది సీసాలు, రక్తం గడ్డకట్టడం మళ్లీ మొదలవలేదంటే ఆరు గంటల తర్వాత మళ్లీ, అలా ఇరవై దాటిన సందర్భాలు ఉన్నాయి. చిన్నపిల్లలకి కూడా డోసు తగ్గదు, ఎందుకంటే పిల్లాడు చిన్నోడని పాము తక్కువ విషం వెయ్యదు. రక్తపింజరి కాటుకి గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందా లేదా చూస్తారు, మీ బాబాయికి చేసే ఉంటారు, ఆ గొట్టం చూసే మళ్లీ మందివ్వాలా వద్దా తేలుస్తారు. ఇవన్నీ ఊళ్లో చేసే పనులు కావు.

డేట్ అయిపోయిన మందు గురించి అడిగారు. తేదీ దాటిన మర్నాడే అది నీళ్లయిపోదు, సరిగ్గా దాచిన మందులో గడువు దాటాక కూడా కొన్నాళ్లు బలం ఉంటుంది. ప్రాణం పోయే స్థితిలో మనిషి ఉండి, వేరే మందు ఎక్కడా దొరకని చోట, ఈమధ్యే గడువు దాటిన సీసాని డాక్టరు ఆలోచించి వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకాల్లోనే ఉంది. కానీ సరిగ్గా దాచిన మందు అన్న మాట పట్టుకోండి. మీ మూడు సీసాలు ఎలా దాచారన్నది కాగితం మీద ఎక్కడా లేదు. కరెంట్ ఎన్నిసార్లు పోయింది, కొన్న రోజు హాస్పిటల్ వరండాలో ఎంతసేపు ఉన్నాయి, ఎవరికి తెలుసు? అందుకని ఆ మూడింటినీ ఏ హాస్పిటల్ స్టోర్ వాళ్లూ వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా. వేలు పోసి కొన్న మందు, చేతులారా పారేయడం ఎంత బాధో నాకు తెలుసు. అయినా దగ్గర్లోని గవర్నమెంట్ హాస్పిటల్ ఫార్మసీలో ఇచ్చి, వాళ్ల బయోమెడికల్ చెత్తలో పడేలా చూడండి, నాలుగో సీసా కూడా. కాలవలో పారెయ్యొద్దు, పిల్లలు ఆడుకునే చోట వెయ్యొద్దు.

మరి ఆ చందా డబ్బులతో ఏం చెయ్యాలి అంటారా. మందు కొనొద్దు, మందు ఉండాల్సిన చోట ఉందో లేదో కనిపెట్టుకుని ఉండండి. ఇది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు, గవర్నమెంట్ హాస్పిటల్లో ఉచితంగా ఇవ్వాలి. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు మరణాల్ని 2030కల్లా సగానికి తగ్గించాలని ఒక జాతీయ ప్రణాళిక పెట్టింది, అదే ఏడాది నవంబర్లో పాముకాటు కేసుల్ని తప్పనిసరిగా నమోదు చేయాలని రాష్ట్రాలకి రాసింది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు ఏడాదికి సగటున 58,000 మంది అని లెక్క తేలింది. అంతకుముందు 2005 సంవత్సరానికి వేసిన లెక్కలో, అప్పటికింకా తెలంగాణ కలిసే ఉంది, మన ఆంధ్రప్రదేశ్ ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానంలో ఉంది, 5,200 మంది. 2018 ఆగస్టులో మీ దివిసీమలో కాట్లు ఎలా పడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి మందు అడగడం మీ హక్కు.

జూన్‌లో దుక్కులు మొదలయ్యే ముందు మీరో ముగ్గురు నలుగురు కుర్రాళ్లు కలిసి పీహెచ్‌సీకి వెళ్లండి. గొడవకి కాదు, మర్యాదగా మెడికల్ ఆఫీసర్ గారిని కలవండి. ఎన్ని సీసాలున్నాయి అని అడగండి, కనీసం ఒక మనిషికి మొదటి విడతకి సరిపడా పది ఉండాలి, పది లేకపోతే అది ఉన్నట్టు కాదు. పొడా ద్రవమా అడగండి. గడువు ఏ నెల అని అడగండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే చిన్న పీహెచ్‌సీల్లో వాడకం తక్కువ, మందు అలాగే ఉండిపోయి గడువు దాటిపోతుంది, అదే టైములో పెద్దాసుపత్రిలో మందు లేక రోగుల్ని బయటకి రాస్తుంటారు, మీ బాబాయికి అయినట్టు. నేను ఉన్నప్పుడు గడువు ఇంకో ఆరు నెలలుందనగానే ఆ సీసాల్ని కేసులు ఎక్కువొచ్చే హాస్పిటల్‌కి పంపించి బదులుగా కొత్తవి తెప్పించేవాళ్లం. ఒక కాగితం రాస్తే అయ్యే పని, రాసేవాళ్లు లేక ఎన్ని సీసాలు వృథా అవుతాయో. దగ్గరి గడువుది ముందు వరసలో పెట్టి ముందు వాడటం కూడా అలాంటిదే.

అడ్రినలిన్ ఉందా అని కూడా అడగండి. పాము మందు ఉండి అడ్రినలిన్ లేకపోతే డాక్టరు మందు మొదలెట్టడానికే భయపడి పై ఊరికి రాసేస్తారు, దారిలో గంట పోతుంది. దానికి కూడా వెలుతురు పడదు, అందుకే ముదురు రంగు ఆంపూల్‌లో ఇస్తారు, అందులో మెటాబైసల్ఫైట్ అనే పదార్థం ఉంటుంది గాలికి చెడిపోకుండా, అయినా పాతబడితే లోపలి మందు గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది, అలా తిరిగింది పనికిరాదు. కట్లపాము, తాచు కాట్లకి నియోస్టిగ్మిన్, అట్రోపిన్ అనే ఇంజెక్షన్లు కూడా ఉండాలి.

పీహెచ్‌సీలో చేసేవాళ్లు కూడా ఇది చదువుతుంటే వాళ్లకో మాట. పొడిలో నీళ్లు పోశాక సీసాని టానిక్కులా కిందకీ పైకీ ఊపకండి, నురగ వచ్చేస్తుంది, నురగలో ప్రొటీన్ పాడైపోతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా తిప్పండి, ఐదు పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి, పక్కనుంచి చుట్టాలు కేకలు వేస్తున్నా సరే. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు రెండోది మొదలెట్టండి. కరిగాక వెలుతురుకెత్తి చూడండి, మబ్బుగా ఉన్నా, పోగులు కనపడినా పక్కన పెట్టెయ్యండి. ద్రవం మందుని ఐస్ ప్యాకుల మధ్య తెచ్చేటప్పుడు సీసా ఐస్‌కి ఆనకుండా మధ్యలో కాగితమో అట్టముక్కో పెట్టండి.

తమ్ముడూ, చందా డబ్బుల సంగతి మిగిలింది కదా. ఊళ్లో ఇద్దరు ముగ్గురు బండి వాళ్ల నంబర్లు గుడి గోడ మీదా బడి గోడ మీదా పెద్దక్షరాలతో రాయించండి, 108 వచ్చేలోపు ఎదురెళ్లడానికి. మనిషిని మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకుంటే బండి మీద కూడా తీసుకెళ్లొచ్చు. కాటుపడిన చేతికి గానీ కాలికి గానీ బద్ద కట్టి కదలకుండా చూడండి, గట్టిగా తాడు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, గాజులూ మెట్టెలూ ఉంగరాలూ వాపు రాకముందే తీసెయ్యండి. పాముని వెంటబడి చంపి సంచీలో తేవద్దు, దూరం నుంచి ఫోన్లో ఫోటో దొరికితే చాలు. కింద పడుకునే ప్రతి ఇంటికీ ఒక దోమతెర ఇప్పించండి, అంచులు పక్క కిందకి దోపుకోవాలి. కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి కూడా తెలీదు, తెల్లవారుజామున కడుపునొప్పి, కళ్లు మూతలు పడటం, మాట ముద్దగా రావడం, అంతే, ఏం కరిచిందో కూడా తెలీకుండానే మనిషి పోతాడు. తెల్లారేసరికి ఎవరికైనా కారణం లేకుండా రెప్పలు వాలిపోతుంటే ఒంటి మీద గాటు కనపడకపోయినా హాస్పిటల్‌కి పరిగెత్తండి.

బాబాయి గారు ఎలా ఉన్నారో మీరు రాయలేదు. రక్తపింజరి కాటు తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లని చాలామందిని చూశాను, పైకి బాగానే తిరుగుతుంటారు. ఒకసారి క్రియాటినిన్ టెస్టు చేయించండి, కాళ్ల వాపులు ఉన్నాయేమో, మూత్రం సరిగ్గా వస్తోందో అడగండి. పీహెచ్‌సీలో పది సీసాలు ఉన్నాయో లేదో, వాటి గడువు ఏ నెలో, బాబాయి టెస్టులో ఏం వచ్చిందో, ఈ మూడూ నాకు మళ్లీ రాయండి. ఎదురుచూస్తుంటాను.